పాలదీవి

మే నెల నడిమిలో మా హమ్మర్‌ఫెస్ట్‌లో పొద్దు పొడుస్తుంది.
మళ్ళీ జూలై చివరకు గాని కుంకదు.
ఆ మధ్యకాలంలో రాత్రి అనేది
ఎవరింట్లో వాళ్ళు చేసుకోవాల్సిన వస్తువు.

మా ఇంట్లో ఇలా చేస్తాం:
ఏడింటికి గోరువెచ్చని నీళ్ళు.
కిటికీకి నల్ల దుప్పటి, అంచులకు బట్టల క్లిప్పులు,
అయినా ఎక్కడో ఒకచోట దూరే సూది వెలుతురు.
కింద వీధిలో రెయిన్‌డీర్లు
ఎదురింటి వాళ్ళ తులిప్‌లు నములుతుంటే
వాటికి శుభరాత్రి.
తిమింగలం పుస్తకం.
ఆ తర్వాత సీసా.

నిజానికి సీసాయే రాత్రి.
మిగతాదంతా దాని ముందు నడిచే బాజాభజంత్రీ.
రబ్బరు పీక పెదవుల మధ్య పడగానే
నా కూతురు సున్నివా కళ్ళలో
ఊరికి లేని సంజ వాలేది.

ఆరోగ్యకేంద్రం నర్సు
చిన్న టార్చి వేసి దాని నోట్లోకి చూసింది.
పన్నెండు పాలపళ్ళు.
"వీటి మీద తెల్లవార్లూ పాలు నిలవకూడదు.
ఇక కప్పే. నిద్రవేళ మాత్రం కదపొద్దు,
సీసా ఒక్కటే తీసేయండి."
సీసా ఒక్కటే!
ఇల్లు అలాగే ఉంచి దూలం ఒక్కటే తీయమన్నట్టు.

పొద్దుటి సీసా అడక్కుండానే పోయింది.
మధ్యాహ్నపుదీ అంతే, ఒక అరటిపండుతో సరి.
రాత్రిది మిగిలింది.
తూరిద్‌కి ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ,
కాబట్టి దూలం నా వంతు.

రెండు పిడుల కప్పు కొన్నాను, ముక్కు ఉన్న కప్పు కొన్నాను,
బోర్లించినా ఒలకని కప్పు కొన్నాను.
మూడింటినీ నేలకేసి కొట్టి
ఆస్లౌగ్ మామ్మ చేపల పడవలో కాఫీ తాగిన
నీలం ఇనామిల్ కప్పు కావాలంది,
అడుగున పెచ్చు లేచినది.

పాలు మంచం దిగి
వంటింటి బల్ల దగ్గరికి వచ్చాయి.
మొదటి రాత్రి రెండు గుటకలు పిల్ల తాగింది,
మిగతావి గౌను తాగింది.
పళ్ళు తోమాక, పుస్తకం అయ్యాక
మంచంలో లేచి నిలబడి
మర్యాదగా అడిగింది: "సీసా?"
నేనే మరిచిపోయాననుకుంది పాపం.

మూడో రాత్రికి మర్యాద లేదు.
నాలుగో రాత్రి, పదకొండున్నర,
గోడ మీద ఎండ, గుక్కపట్టిన ఏడుపు.
ఇచ్చేశాను.
తూరిద్‌కి చెప్పలేదు. ఇదిగో, ఇప్పుడు చెబుతున్నాను.

నేను పనిచేసే దీవిని పాలదీవి అంటారు.
అక్కడ చుక్క పాలుండవు.
సముద్రం అడుగు నుంచి గొట్టాల్లో వచ్చే గ్యాసు,
పొడుగాటి పొగగొట్టం కొసన మంట.
మర్నాడంతా మీటరు ముల్లు చూస్తూ
ఎంత ఒత్తిడి దగ్గర ఎవరు లొంగుతారా అని ఆలోచించాను.

శనివారం, పుస్తకం ముందే కావాలని పేచీ పెట్టి
వంటింట్లోకి ఈడ్చుకొచ్చింది.
కప్పు ఒరిగింది.
పాలన్నీ తిమింగలం మీద.
నేను గుడ్డ కోసం లేచేలోగా
వంగి, ఆ పేజీకి చెవి ఆనించి విని
"తాగేసింది" అంది.
మళ్ళీ పోయించుకుని తన వంతు తాగింది,
రెండు చేతులతో, ముక్కు కప్పులో మునిగేదాకా.

అప్పటినుంచి పుస్తకం బల్ల దగ్గరే.
ఆ రెండు పేజీలూ అతుక్కుపోయి
మా తిమింగలం ఎప్పటికీ ఇంటికి చేరదు.
వట్టి చెంచాతో దానికో గుటక, సున్నివాకో గుటక,
తర్వాత బ్రష్షు, రెయిన్‌డీర్లు, నల్ల దుప్పటి.
పక్కలో నోటికి ఏమీ లేదు.
చేతికి మాత్రం నా చెవితమ్మె దొరికింది,
మెత్తగా నలుపుతూ, నలుపుతూ...

సీసా నా టిఫిన్ సంచిలో దీవికి వెళ్ళింది,
పారేద్దామని.
మూడు వారాలైంది. రోజూ వెళ్ళివస్తోంది.

జూలై ఆఖర్న ఒక అర్ధరాత్రి
దుప్పటి అంచున సూది వెలుతురు ఆరింది.
కాసేపే, కానీ అసలైన పొద్దుకుంకడం.
లేపి చూపిద్దామనుకున్నాను.
కదలబోతే
చెవి వదల్లేదు.