పెట్టలకి రవికలు

సహమ్‌లో, సముద్రానికి రెండు వీధులివతల,
ఖర్జూరపు గెలలు పసుపెక్కే నెలలో
నాలుగు పిల్లలకి ఒకేసారి గొంతులు మారేయి.
డబ్బా రేకు మూత లాగినట్టు ఒక కూత
సగంలో సిగ్గుపడి ఆగిపోయింది.
"ఇది పెట్ట కాదు" అన్నాను హమూద్‌తో.
వాడికి తొమ్మిదేళ్ళు. పొదగేసిన రోజునించీ
గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టినవాడు.
"నాలుగూ కాదు" అన్నాను.

పెరట్లో అప్పటికే బాబా తెల్లపుంజు వుంది.
మా నాన్నయితే సేతువ అనేవాడు.
ఎర్రదాన్ని డేగ, నల్లదాన్ని కాకి,
వీపు మీద పసుపు జారినదాన్ని నెమలి,
బూడిదో ఎరుపో తేలనిదాన్ని మైల అన్నాను.
పేరు పెట్టేక లెక్క సులువు, కొయ్యడం కష్టం.
అది పేరు పెట్టేకే తెలిసింది.

పదకొండు పెట్టలు, రెండు గిన్నికోళ్ళు, మూడు బాతులు,
పుంజులు అయిదు.
పరిగెత్తడం చేతకాని చారలపెట్ట మీదే అందరి కన్నూ.
వీపున ఈకలన్నీ ఊడి
చర్మం ఎర్రగా, వేలు పెడితే వేడిగా.
రోజంతా నీళ్ళ తొట్టి వెనకే, మేతకి రాదు.
గిన్నికోళ్ళు మాత్రం ఊరంతా వినేలా అరిచేవి,
అరవడం అయ్యేక మళ్ళీ గింజలేరుకునేవి.

మధ్యాహ్నం ఇల్లంతా పడుకున్నాక
బాబా పాత దిష్‌డాషా చించి
రెక్కల కిందికి లాస్టిక్ పెట్టి
రవికలు కుట్టేను, ఆరు.
మామా చూసి కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది.
తర్వాత లోపలికెళ్ళి
గట్టి దారం ఉండ తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

"వాహద్ బస్" అన్నాడు బాబా. ఒక్కటి చాలు.
శుక్రవారం కాకి వెళ్ళిపోయింది.
నా పళ్ళెంలో కాలి ముక్క పెట్టేరు.
తిన్నాను. ఉప్పు తగ్గింది.
హమూద్ తినలేదు.
రాత్రి వాడొచ్చి గుమ్మంలో నిలబడితే
మామా దగ్గరికి మళ్ళీ వెళ్ళేను,
వచ్చినంత అరబ్బీ మూట కట్టుకుని:
మేకలుండే పాత పాక ఖాళీగా వుంది,
అక్కణ్ణించి పెట్టలు కనపడవు, అదే కావాలి,
మూడింటినీ అక్కడ పెడతాను.
"చంపుకుంటాయి" అన్నాడు బాబా, టీవీ మీంచి చూపు తీయకుండా.

మొదటిరోజు మెడలు ఉబ్బించి
రెండు తన్నులు తన్నుకున్నాయి.
మైల జుట్టు చిట్లితే పసుపద్దేను.
మర్నాడు సందేళ చూద్దును కదా,
ఒకే కర్ర మీద మూడూ, రెక్కకి రెక్క ఆనించి.
ఎవరు పెద్దో తేల్చుకునే తొందర లేదింక.

డ్రైవరు చాంద్‌బాషా, రాయచోటి మనిషి,
పాకలోకి తొంగిచూసి,
"మా రూములో ఎనిమిది మందిమి ఇట్నే ఉండామక్కా" అన్నాడు.
నవ్వేడు. నేనూ నవ్వేను, కాస్త ఆలస్యంగా.

ఈ ఇంటికొచ్చిన రోజు నేను మొదట చూసింది
నా గదికి గడియ లోపలుందా బయటుందా అని.
లోపలే వుంది.
ఎవరికీ చెప్పని మాట అది,
పాక తలుపుకి కొక్కెం బిగిస్తుంటే గుర్తొచ్చింది.

ఇప్పుడు తెల్లారగట్ల
ముందు సేతువ కూస్తుంది పెరట్లోంచి.
గోడవతల డేగ, వెనకే నెమలి.
మైల ఇంకా సగంలోనే ఆగిపోతుంది.
"మూడున్నర" అంటాడు హమూద్ కిటికీలోంచి,
రోజూ లెక్కేసి.

నిన్న చారలపెట్ట రవిక విప్పేను ఉతకడానికి.
వీపు మీద వరస వరసగా
నీలం గొట్టాల్లాంటి మొలక ఈకలు.
నిమిరితే అరచేతికి గుచ్చుకున్నాయి.
గుచ్చనీ అని ఇంకోసారి నిమిరేను.
ఎండకి రవిక ఇట్టే ఆరింది.
మళ్ళీ తొడిగేను.
ఇంకో పది రోజులుండనీ.