దెబ్బ తగలని రోజులు

మిల్లు గేటు దగ్గర ఒక రేకు బోర్డుండేది.
‘ప్రమాదం జరగని రోజులు’ అని ఎర్రరంగులో,
పక్కన సుద్దముక్కతో అంకె.
నలభై ఒకటి దాకా ఎక్కి
ఒక పూట సున్నా అయింది,
స్పిన్నింగులో కోరాడ అప్పలస్వామి రెండు వేళ్ళతో సహా.
లాకౌటు పడ్డాక ఆ రేకునడిగిన వాడు లేడు.
సైకిలు కేరియరుకు కట్టి తెచ్చి
నెల్లిమర్లలో మా కబడ్డీ కోర్టు పక్క
సరుగుడు గుంజకి మేకు కొట్టాను.

“ఏటి మావా, ఇది మిల్లనుకున్నావేటి?”
నవ్వారు గుంటలు.
నవ్వనీ.
మిల్లులో పట్టా తెగితే కొత్త పట్టా ఎక్కిస్తారు.
నా ఎడం మోకాలిలో తెగినదానికి ఇరవై రెండేళ్ళు,
ఏ స్టోర్సులోనూ స్పేరు లేదు.

తెల్లారి అయిదింటికి ముందు ఆట కాదు, ఏరుకోవడం.
చేలో కలుపు తీసినట్టు వరసన వంగి
ఈ గీత నుంచి ఆ గీత దాకా:
గులకరాళ్ళు, సోడామూతలు, బీరుసీసా పెంకులు,
ఒకనాడు ఎవరిదో పాలపన్ను.
చంపావతి ఇసక రెండు బళ్ళు,
ఇసక మీద ఊక,
ఊక మీద విప్పి కుట్టిన గోనెలు.
పాతికేళ్ళు నేసిన గోనె
ఎందుకు నేశానో ఇప్పుడు తెలుస్తోంది
ఒక పిల్ల వెల్లకిలా పడి, లేచి, దులుపుకున్నప్పుడు.

గోళ్ళు చూపించాలి.
గాజులు, కడియాలు నా టోపీలో.
“పీట మీద కూకున్నట్టు దిగు గుంటా,
దబ్బున కూలబడకు, మోకాలు లోపలికెళ్ళిపోద్ది.”
తర్వాత ఒంటికాలి మీద నిల్చుని
పదమూడో ఎక్కం.
తప్పితే కాలు మార్చి మళ్ళీ మొదట్నించి.
లెక్కల మాస్టారు నాకో టీ బాకీ.

హాజరు పుస్తకంలో దెబ్బలు రాస్తాను,
ఎవరికి, ఎక్కడ, ఏ వేళ.
రాయగా రాయగా బయటపడింది:
సగానికి సగం దీపాలు పెట్టే వేళవే,
“ఇంకొక్క ఆట మావా” అన్నాక తగిలినవే.
ఆ మాట కొట్టేశాను.
ఇప్పుడు కాళ్ళు బాగున్నవాళ్ళంతా
ముసలాడికి చాదస్తమంటూ ఇంటికి నడుస్తారు.
తెగని మోకాలికి దండ వేసేవాడెవడు?

చీపురుపల్లి ఫైనలు. పదివేలు ప్రైజు.
సెమీస్‌లో దమయంతి కుడిమోకాలు
ఉడికిన చిలగడదుంపలా పొంగింది.
“పసుపు పట్టించి కట్టు కట్టీ,
ఆ గుంట నేకపోతే పాయింట్లెవుడు తెస్తాడు?”
బనీన్లు కొనిచ్చిన బంగారునాయుడు.
“నానాడతాను మావా. నొప్పి నేదు.”

వాదించలేదు.
కుడికాలి మీద నిల్చోమన్నాను.
పదమూడొకట్ల పదమూడు.
పదమూడ్రెళ్ళ ఇరవయ్యారు.
పదమూడు మూళ్ళ...
ముప్పై తొమ్మిది ఆ పిల్లకి రాక కాదు.

చింతపల్లి చేపల గురయ్య పెట్టెలోని ఐసు
తువ్వాల్లో చుట్టి మోకాలి మీద పెట్టాను.
రెండు పాయింట్లతో ఓడిపోయాం.
తిరుగు ఆటోలో ఎవరూ మాట్లాడలేదు,
చేపల కంపు మాత్రం
నెల్లిమర్ల దాకా వచ్చింది.

మర్నాడు బోర్డు మీద ముప్పై మూడు చెరిపి
సున్నా పెట్టాను.
“సెమీస్‌ది సిన్న బెణుకేగదా మావా,
సున్నా ఎందుకు?”
“బెణుక్కి కాదు.
నొప్పి నేదని చెప్పినందుకు.”
దమయంతి నావైపు చూడలేదు.
వాళ్ళమ్మ కూడా వారంపాటు చూడలేదు.

ఇరవయ్యో రోజు పొద్దున్న నేను వెళ్ళేసరికి
ఏరిన రాళ్ళు అప్పటికే గట్టున కుప్ప.
బోర్డు ముందు ఎవరో సుద్దముక్క పట్టుకుని
పంతొమ్మిది తుడిచి, ఇరవై దిద్దుతూ,
కుడికాలు ఒక్కదాని మీద,
పెదాలు కదుపుతూ.