తొంభై నుంచి కిందికి

కుట్లు వేసేటప్పుడు పిల్లల్ని అంకెలు చెప్పమంటాను.
ఇరవై ఏళ్ల అలవాటు.
నొప్పికి మెట్లు చూపిస్తే
ఏడుస్తూనైనా ఎక్కుతారు.

ఈ పిల్ల ఎక్కలేదు.
తొంభై, అంది.
ఎనభై తొమ్మిది, ఎనభై ఎనిమిది...
సూదిని చూడట్లేదు.
గడియారం పక్కన వట్టి గోడ మీద
ఎర్రగా ఏదో వెలుగుతున్నట్టు
అటే చూస్తూ దిగుతోంది.

ఒకటి నుంచి చెప్పరాదా బిడ్డా అంటే
"అట్ల రాదు."

పేరు జమ్ని.
వాళ్లమ్మ తొమ్మిదేళ్లంది, పిల్ల పదకొండంది,
నేను పది రాశాను.
చిరునామా: పిల్లర్ నంబర్ నూట పదహారు.
పెళ్లిళ్లలో చదివించే అంకె.
అత్తాపూర్‌లో మేడలున్నవాళ్లూ పిల్లర్ నంబరే చెప్తారు,
దాని ఎదురుగా, దాని పక్క సందులో అని.
వీళ్లది ఎదురుగా కాదు. కిందనే.

అమ్మేవి కార్లు తుడిచే పసుప్పచ్చ గుడ్డలు, యాభైకి మూడు.
అందులోదే ఒకటి పాదానికి చుట్టుకొచ్చింది.
రక్తం పీల్చే రకం కాదు.
నీళ్లు పోసి ఊడదీస్తే రంగు మాత్రం వేళ్లకు అంటింది.

కడుగుతుంటే పాతవి ఒక్కొక్కటే బయటపడ్డాయి.
పిక్క మీద సైలెన్సర్ కాల్చిన నున్నటి మచ్చ.
"అది బుల్లెట్‌ది" అంది, చుట్టాన్ని పరిచయం చేసినట్టు.
చీలమండ దగ్గర కుక్క పళ్లు.
మోకాలి సంగతి అడిగితే మాట మార్చింది.

కొత్తది ఎట్లా అయిందో తనే చెప్పింది.
మూడు రాంగనే గట్టెక్కాలె.
గట్టంటే డివైడర్.
ఆ పొద్దు ఒక సారు వంద నోటిచ్చిండు.
చిల్లర లెక్కవెట్టేసరికి సున్న అయింది.
ఎనక ట్రాలీ ఆటో.
రెండు వేళ్లు.

మరి ఆ సారు?

"యాభై తీస్కున్నడు. పొయిండు."

వాళ్లమ్మ చూపంతా నా పెన్ను మీదే.
"జారి పడ్డదని రాయి మేడం.
ఆఫీసర్లొస్తే పిల్లను తీస్కపోతరు."
రిజిస్టర్‌లో కారణం గడి చిన్నది,
అందులో అంత రోడ్డు పట్టదు.
జారి పడింది, అని రాశాను.
పేజీ పైకి చూస్తే ఆ వారం అందరూ జారి పడ్డవాళ్లే.
రేతిబౌలిలో చాయ్ మోసే సోహెల్
జారి పడి మోచేతి దాకా ఉడికాడు.
చెత్త ఏరే ఎల్లేశు
జారి పడితే అరచేతిలో సిరంజి దిగింది.
ఎంత నునుపైన ఊరు మాది!

పది రోజులకు కుట్లు తీస్తా, రా అన్నాను.
పది వేళ్లూ చూపించాను.
"పదేనా? ఐతే అయిపొయినట్టే" అంది.
దాని లెక్కలో పదంటే ఉరకాల్సిన అంకె.

రాలేదు.

పదిహేడో రోజు డ్యూటీ దిగి స్కూటీ మీద పోతున్నా.
వాన. సిగ్నల్ పడింది.
కార్ల మధ్య నుంచి తనే.
ఒక కాలికి చెప్పు,
ఇంకో కాలికి పాల కవరు, రబ్బరు బ్యాండుతో బిగించి.
నన్ను గుర్తుపట్టి నవ్వింది.
కుట్లేవే?
"అమ్మ బ్లేడుతోని తీసింది. చూస్తవా?"
నా హ్యాండిల్ పట్టుకుని
ఒంటికాలి మీద నిలబడి
కవరు విప్పడం మొదలుపెట్టింది.

అప్పుడు తలెత్తాను. పన్నెండు.
ఇన్నేళ్లుగా ఈ దారిన పోతున్నా
ఆ అంకెల్ని ఎప్పుడూ తొందరగా తరగమనే చూశాను.
తొమ్మిది.
గట్టెక్కవే పిల్లా, అని అరిచాను.
వెనక హారన్లు.
"ఇంక ఉన్నది మేడం" అంది తాపీగా,
రబ్బరు బ్యాండు పళ్లతో పట్టుకుని.
ఐదు.
నాలుగు.

నా కుడిచెయ్యి ఎప్పుడు తిప్పిందో నాకు తెలీదు.
పిల్లర్ దాటాక అద్దంలో వెతికాను.
గట్టు మీద పసుప్పచ్చగా ఏదో ఉంది.
గుడ్డలే కనిపించాయి.
వాటి వెనక మనిషి ఉందా అన్నది
వాన చూడనివ్వలేదు.