ఏ కుట్టెయ్యమంటావ్?

పాత చీరల ముక్కలు అతికి
పైగుడ్డ తెచ్చి నా అరుగు మీద పడేస్తారు.
సగం పని మీదే.
పైగుడ్డనీ, లోపలి దూదినీ, అడుగు గుడ్డనీ
ఒకటిగా పట్టి ఉంచే కుట్టు మాత్రం నాకు వదిలేస్తారు.
"ఏ కుట్టెయ్యమంటావ్?" అంటాను.
"నీ ఇష్టం హుసేనమ్మా" అంటారు.
నా ఇష్టం అనేవాళ్ళంటేనే నాకు బో భయం.

కనిగిరిలో మా నాయన విల్లు మీటి దూది ఏకేవాడు.
ఆ నారి టంగుమనడం ఆగి ముప్పయ్యేళ్ళు.
పరుపులు ఫోములయ్యాయి, విల్లు అటకెక్కింది.
దబ్బనం ఒక్కటే ఎక్కలేదు.

నేను అడిగేవి వేరే.
కప్పుకునేదెవరు? మంచమా, నేలా?
కాళ్ళు విసిరే పిల్లాడా, గోళ్ళు పెరిగిన ముసలాయనా?
(పొడుగు కుట్టులో కాలిగోరు ఇరుక్కుంటే
అర్ధరాత్రి లేచి నన్నే తిడతాడు.)
ఉతికేది బోరు నీళ్ళలోనా?
మా పళ్ళనే పసుపు చేసిన నీళ్ళు
దారం రంగుని వదులుతాయా.

చీమలబారు వచ్చు నాకు, చేపపొలుసు వచ్చు,
మడకచాలు వచ్చు: పోవడం, మళ్ళడం, రావడం.
పామూరు రోడ్డు అని ఒకటుంది, నేను పెట్టిన పేరే,
ఎక్కడా తిన్నగా ఉండదు.
చెయ్యి వణికే రోజుల్లో అదే కుడతా.

గళ్ళ చీర మీద గళ్ళు కుట్టకూడదు,
ఇద్దరు వాగుడుకాయల్ని ఒకే బెంచీ మీద కూర్చోబెట్టినట్టు.
పూల చీరకి ఉత్త గీతలు చాలు.
తెలుపు మీదే కష్టం. తప్పు కుట్టు దాక్కోలేదు.

తెలుపంటే మాలకొండమ్మ గుర్తొస్తుంది.
హనుమంతునిపాడు నుంచి తెచ్చింది,
అన్నీ పంచెల ముక్కలు, ఒక్క రంగు లేదు.
"నీ ఇష్టం" అంది.
ఆ రోజు నా ఇష్టం ఎరుపు.
నడిమధ్యన సుడి, సుడి చుట్టూ నెమలికన్నులు,
పదకొండు రోజులు మెడ ఎత్తలేదు.
విప్పి చూసింది. "బాగుంది" అంది.
అడిగినంత ఇచ్చేసింది.
బేరమాడనప్పుడే నాకు తెలియాల్సింది.
ఆ వానల్లో వాళ్ళూరి మీదుగా బస్సులో పోతుంటే
నా నెమలికన్నులు ఈనిన బర్రె వీపు మీద తడుస్తున్నాయి.
ఆ పంచెలు ఎవరివో నేను అడగనే లేదు.

అప్పట్నుంచి ఏ పైగుడ్డనైనా
రెండ్రోజులు దండెం మీదేసి, పోతూ వస్తూ చూస్తాను.
వెలిగండ్ల పిల్ల అతికిన దానికి మధ్యలో బుడగ లేచింది.
విప్పి మళ్ళీ అతకమంటే ఏడుస్తుంది.
అక్కడ చీమల్ని ఒత్తు ఒత్తుగా నడిపించాను, అణిగింది.
ఇప్పుడు కావాలని కుట్టిన గుట్టలా ఉంది.
ఆ పిల్లకు చెప్పలేదు.

మొన్నొకాయన ఫోన్‌లో ఈకల కుట్టు చూపించాడు.
ఏ పిట్టదయ్యా అన్నాను.
ఆయనకూ తెలీదు.

ఇవాళ సుభాషిణి వచ్చింది.
మొగుడు రాళ్ళ లారీ తోల్తాడు,
చీమకుర్తి నుంచి కృష్ణపట్నం రేవుకి.
అతని కాకీ చొక్కాలే అతికింది,
ఒకదాని జేబు అట్నే ఉంచింది.
"ఏ కుట్టెయ్యమంటావ్?"
"మరీ మెత్తగా వద్దు పిన్నీ,
లారీలో పరుచుకునేది.
ఒక గంట కునుకు పట్టాలి.
రెండో గంట పట్టకూడదు."

ఇన్నేళ్ళలో నా ప్రశ్నకు జవాబిచ్చింది ఈ పిల్లే.

కాకీ మీద కాకీ దారం.
రోడ్డు నడుమ గీతల్లా ఎడం ఎడంగా తిన్నటి కుట్లు,
మెడ కిందికొచ్చే చోట మాత్రం
చింతగింజలంత ముడులు, వరసగా.
అంతవరకూ తేలిపోయింది.
జేబు దగ్గర చెయ్యి ఆగింది.
కుట్టేస్తే గట్టిగా ఉంటుంది,
వదిలేస్తే అక్కడ దూది జారుతుంది.
వేలు పెట్టి చూస్తే టోల్‌గేటు చీటీ ఒకటి,
ఉతికి ఉతికి మెత్తబడి, అంకెలు పోయి.
మళ్ళీ అందులోనే పెట్టాను.
జేబు చుట్టూ తిరిగి
కుట్టుకుంటూ పోయాను.

మెడ ముడులు రేపు,
చెయ్యి వణక్కపోతే.