టేపు రెండో కొస

మార్చి మొదటి మంగళవారం. వెర్మాంట్ కొండల్లో
మంచు కరిగీ కరగలేదు.
బడి ఆటల హాల్లో మడత కుర్చీలు,
ఉడికిన బీన్స్ వాసన, బూట్ల బురద.
వంతెనకు పద్దెనిమిది లక్షల డాలర్ల అప్పు,
ఇరవై ఏళ్ల బాండు.
"వడ్డీతో కలిపి?" అన్నాడు ఆర్విల్ థిబో.
తనే వేళ్లమీద లెక్కకట్టి
జవాబు నోట్లోనే మింగేశాడు.
ఎనభై రెండేళ్లు. అయినా చెయ్యెత్తాడు.
ఎందుకంటే
"అంబులెన్సుకి ఈత రాదుగా!"

ఏప్రిల్లో నేను టేపుతో బయల్దేరాను.
ఇళ్లకు వెల కట్టడం నా కొలువు;
నా కారు చప్పుడు కుక్కలకు కూడా తెలుసు.
విన్నిఫ్రెడ్ ప్రాట్ కొత్త వరండా
ఊరి కాగితాల్లో లేదు.
చూడనట్టు పోవచ్చు. పోలేదు.
పద్నాలుగు అడుగులుంటుందేమో,
అవతలి కొస పట్టేవాళ్లు లేరు.
పిండి చేతులు తుడుచుకుంటూ ఆమే వచ్చి
టేపు కొస గోడకు నొక్కిపట్టింది.
"బిగించి లాగు. వదులైతే
నా అడుగులు పెరుగుతాయి."

అక్కడ నిలబడితే
పీపాలు అడ్డంపెట్టిన పాత వంతెన కనబడుతుంది.
ఇద్దరం కాసేపు అటే చూశాం.
పన్నెంతో అడగలేదు, నేనూ చెప్పలేదు.

కాఫీ ఇచ్చింది.
చక్కెర వెయ్యలేదు.