అంచు చిల్లులు

బరంపురంలో మా వీధికి మిగిలిన రెండు మగ్గాల్లో
ఒకటి మాది.
దాని చప్పుడులోనే బ్యాంకు పరీక్షకి చదివాను.

గైడులో నలభై మూడో ప్రశ్న:
'ఆన్ టెంటర్‌హుక్స్' అంటే ఏమిటి?
నాలుగు జవాబుల్లో 'ఆత్రుతగా' అన్నదానికి టిక్కు పెట్టి
పేజీ తిప్పబోతుంటే
"ఏటే అది, హుక్కులంటన్నావు?" అన్నాడు నాన్న
నాడె ఆపకుండా.

చెప్పాను.
వాళ్ళ దేశంలో ఉన్నిబట్ట ఉతికి
తడి ఆరకముందే పొలాల్లో చట్రాలకి బిగించేవారట,
అంచు పొడుగునా వంకర మేకులు గుచ్చి.
లేకపోతే ముడుచుకుపోతుందట.
చట్రాలు పోయాయి,
మేకులు మాత్రం మాటలో దిగబడి ఉండిపోయాయి.
ఏ కబురు కోసమో ఊపిరి బిగబట్టిన మనిషిని
ఇప్పటికీ వాటికే తగిలిస్తారు.
"మనం ముళ్ళమీద కూచున్నట్టుందంటాం చూడు, అదే."

నాడె ఆగింది.
నేతకి అడ్డంగా బిగించిన వెదురుబద్దని
ఊడదీసి చూపించాడు. రెండు కొసలా సూదులు.
"మరిదేటి?
ఆ ఇంగిలీసోడికి భయమేసిందేమో గానీ
బట్టకి భయమేటి?
లాగి పట్టకపోతే పన్నా తగ్గిపోద్ది.
సొసైటీ బాబు టేపెట్టి కొలిచి ఎనక్కి తోసేస్తాడు.
ముల్లు గుచ్చుకుంతాది, హేమాంగినీ.
ఇది పట్టుకుంతాది."

బెత్తెడు నేశాక బద్ద జరపాలి.
జరిపినచోటల్లా అంచుల్లో చిల్లులు,
ఆవగింజలో సగం.
చీర కట్టుకున్నామె చూడనే చూడదు.
ఇస్త్రీబండి జెనా మాత్రం వేలితో తడిమి
"హాతొబుణా" అంటాడు, కొంచెం మెల్లిగా మడతపెడతాడు.

బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు,
గైడులో ఈ మూడోది.
నా పన్నా ఎంతో నేనెప్పుడూ కొలుచుకోలేదు.

ఫలితాలు పదకొండింటికన్నారు.
సైటు తెరుచుకోలేదు.
పన్నెండు. ఒంటిగంట. కరెంటు పోయింది, వచ్చింది.
నాన్న ఏమీ అడగలేదు.
తలైనా ఎత్తలేదు.
నాలుగింటికి దొరికింది నా నెంబరు
వెయిటింగ్ లిస్టులో, పదిహేడోది.
చెప్తే "ఊఁ" అన్నాడు
తెగిన పోగు ముడేసుకుంటూ.

రాత్రి మగ్గం మీద పాత దుప్పటి కప్పబోయి
ఫోను లైటు నేత మీద పడితే చూశాను.
పొద్దుటి నేతలో చిల్లులు బెత్తెడుకొకటి, ఎప్పటిలాగే.
ఆ తర్వాత నాలుగు వేళ్ళకి.
రెండు వేళ్ళకి.
చివర, ముడేసిన పోగు దగ్గర
గోరంత దూరానికొకటి.