తోడు

సెయిలాండియాలో ఆగస్టు అంటే ఎర్ర దుమ్ము.
కిటికీలు మూసినా పళ్ళ మధ్య కరకరమంటుంది.
అందుకే మోచేతుల దాకా మూడుసార్లు కడుగుతాను,
నాలుగోసారి అనుమానాన్ని కడుగుతాను.

రాత్రి పదకొండు. ఏడో పెట్టెలో
జుసినెయిజి గారి పాప.
ఇంకా పేరు లేదు, తల్లి పేరే కాలికి కట్టాం.
ఏడువందల ఎనభై గ్రాములు:
కిలో నల్ల చిక్కుడుగింజల పొట్లంలో
ఒక పూటకి తీసి వండాక మిగిలేంత.

ఆమె పేగు ఇంకా పేగు కాలేదు.
తడి ఆరని కాగితం.
ఆలస్యం చేస్తే పని మరిచిపోతుంది,
తొందర చేస్తే చిరిగిపోతుంది.
ఆ రెండింటి మధ్య ఉన్నది ఒక్క మిల్లీలీటరు,
మూడు గంటలకొకసారి.

మొదటి రోజు ముర్రుపాలు నాలుగు చుక్కలొచ్చాయి.
ఇంతేనా, అని తల్లి సిగ్గుపడింది.
దూదిపుల్లకద్ది చెంప లోపల రాశాను.
నాలుక కదిలింది.
ఎన్నిసార్లు చూశానో ఆ కదలిక,
ఇంకా అలవాటు కాలేదు.

తర్వాత ఆ చుక్కలూ ఆగాయి. రక్తపోటు, కోత, భయం.

అప్పుడొచ్చాడు వాల్దెనీర్,
అగ్నిమాపక దళం బండిలో, సైరన్ లేకుండా.
మధ్యాహ్నం గడ్డిమంటలార్పిన చేతులతోనే
మంచుపెట్టె దించాడు.
లోపల ఇన్‌స్టంట్ కాఫీ సీసాలు, ప్లాస్టిక్ మూతలవి.
లేబుల్ గీకేసినా అంచున బంక మిగిలింది.
కాఫీ ఉండాల్సిన చోట పాలు.
ఒకదాని మీద నీలిసిరాతో:
జూలై ఇరవై ఆరు, తెల్లవారు నాలుగు.
ఎవరో ఆవిడ, నాకు తెలీదు.
బిడ్డ తాగగా మిగిలినవి అంటారు గానీ
తన నిద్రలోంచి తీసిపెట్టినవి.

పాలగదిలో అరవైరెండున్నర డిగ్రీలు, అరగంట.
చెడ్డవన్నీ చస్తాయి.
మంచివీ చస్తాయి, వేడికి మొహమాటం లేదు.
మిగిలేవి శుభ్రమైన పాలు,
ఒంటరి పాలు.

అందుకే ఈ పొట్లం.
చింపితే తెల్లటి పొడి, చిటికెడు కూడా ఉండదు.
అందులో కంటికానని కోట్లమంది, నిద్రలో.
కాచి చల్లార్చిన పాలకి రాత్రిపూట తోడు వేస్తారే,
అదే పని.
గిన్నె మాత్రం ప్రాణమున్నది.
ముందు మీరెళ్ళి కూర్చోండమ్మా, అంటాను వాళ్ళతో,
దొంగవాళ్ళు చోటు పట్టకముందే.

మంత్రం కాదిది. డాక్టర్ ఒటాసీలియో ప్రతి తల్లికీ చెప్తాడు:
తగ్గిస్తుంది, తీసెయ్యదు.
ఎవరికివ్వాలి, ఎవరికొద్దు అని
మీటింగుల్లో పెద్దవాళ్ళు ఇంకా గొంతులు పెంచుతారు.
నాకు తెలిసింది టేపు.

టేపు తీస్తే పోయినేడాది గుర్తొస్తుంది.
ఇవొనెచి గారి బాబు, రెండో పెట్టె.
రెండు గంటల్లో రెండు సెంటీమీటర్లు.
పొట్ట వంకాయలా మెరిసింది.
గొట్టంలోంచి ఆకుపచ్చ వెనక్కొచ్చింది.
అంతకుముందు మూడు రోజులు
సీసాలు రాక డబ్బాపాలు పట్టాం.
దానివల్లేనా?
అవునని ఎవరూ అన్లేదు.
కాదని ఎవరూ అన్లేదు.
ఆ రాత్రి అంకె వేసిన పెన్ను
నా లాకర్లోనే ఉంది. సిరా ఎండిపోయింది.

సిరంజి తగిలించి పిస్టన్ తీసేస్తాను.
నెట్టను. ఎత్తి పట్టుకుంటానంతే.
తన బరువుతో తనే దిగాలి పాలు.
చెయ్యి లాగుతుంది, లాగనీ.
ఈ ఊళ్ళో నింపాదిగా జరిగే పని ఇదొక్కటే.

తొమ్మిదో రోజు పొద్దున
డైపరు విప్పి గట్టిగా అరిచాను.
పక్క డ్యూటీవాళ్ళు పరిగెత్తుకొచ్చారు.
పసుపు! ఆవముద్దలాంటి పసుపు, గోరంత.
రక్తపు జీర లేదు.
నవ్వకండి,
ఆకు ఒక్కటీ లేకుండా ఒళ్ళంతా పూసిన ఇపే చెట్టు
పార్కింగ్ దగ్గర నిలబడి ఉంది, కానీ
ఎవరం అటు చూడలేదు.

చక్రాల కుర్చీలో తల్లి వచ్చింది,
గౌను జేబులో చిన్న సీసా. ఆరు మిల్లీలీటర్లు.
రెండు చేతులతో ఇచ్చింది, అప్పు తీర్చినట్టు.

పొట్ట కొలిచాను. ఇరవైన్నర. నిన్నా అంతే.
చార్టులో ఒకటి కొట్టేసి
ఒకటిన్నర అని రాశాను.
చేతులు కడగడానికి వెళ్ళాను.